వెంకటస్వామి కనబడే సీను

రాజోలు హాల్లో శుక్రవారం మార్నింగ్ షో వదిలేసరికి ఒంటిగంటన్నర అవుతుంది. ఆ టైముకి వీరదుర్గ హాలు ఎదురుగా తన టిఫిన్ బండి మీద రెండో వాయి పుణుగులు దింపి, మరుగుతున్న టీలో అల్లం దంచి వేస్తూ ఉంటుంది. గేటు తియ్యగానే ముందు ఈలలేసుకుంటూ కుర్రాళ్ళు, వాళ్ళ తర్వాత కళ్ళు చికిలించుకుంటూ ఆడవాళ్ళు, అందరూ అయ్యాక చంకలో గొడుగుతో దానం మాస్టారు వస్తారు. ఆయన వెనకే ఆటో తాళం వేలికి తిప్పుకుంటూ శ్యామ్ బాబు. ఒకరు రిటైరైన లెక్కల మాస్టారు, ఒకడు ఆటో డ్రైవరు. పదేళ్ళుగా ఒక్క సినిమా గురించి కూడా ఇద్దరూ ఒకే మాట చెప్పింది లేదు.

అయితే ఆ తగువులోకి దిగేముందు వాళ్ళకో పని ఉంటుంది.

"అమ్మా దుర్గా," అన్నారు మాస్టారు బల్ల మీద కూర్చుంటూ. "ఇంటర్వెల్ అయిన పావుగంటకి సంత సీనొకటి ఉంది. వంకాయల రాశి వెనకాల నిలబడ్డారు. చారల చొక్కా. మనిషి బానే ఉన్నారు."

"గెడ్డం గీసుకున్నారాండీ?"

"ఆయ్, గీసుకున్నారు."

"రెండు సెకన్లే అక్కా," అన్నాడు శ్యామ్ బాబు. "హీరో కారు దూసుకొచ్చేస్తది. ఆ కారుకి ఎడం పక్క చూడు. రెప్ప వేసేవంటే పోద్ది."

వీరదుర్గ తలూపి, వాళ్ళకి చెరో టీ ఇచ్చి, స్టవ్వు తగ్గించి, బండి మీద గుడ్డ కప్పి మ్యాటినీకి వెళ్ళింది. ఆ రెండు సెకన్లు చూసుకుని, సినిమా సగంలోనే లేచి వచ్చేసి, సాయంత్రం బజ్జీల పిండి కలుపుకుంది. ప్రతి శుక్రవారం ఆమెకిదే వరస.

వీరదుర్గ మొగుడు వెంకటస్వామి చేపల వేటకెళ్ళి తిరిగి రానిది ఐదేళ్ళ కిందట. అంతర్వేది పల్లిపాలెం నుంచి నలుగురు వెళ్ళేరు. గోదావరి సముద్రంలో కలిసే మొగ దగ్గర పడవ తిరగబడింది. ముగ్గురు ఈదుకుంటూ ఒడ్డెక్కేరు. నాలుగోవాడు ఎక్కలేదు. ఆ పొద్దుట వీరదుర్గ ఎండుచేపల బుట్ట పెట్టుకుని మలికిపురం బజార్లో కూర్చునుంది. కబురు తెలిసి పరుగున వచ్చేసరికి ఎండ నడినెత్తికెక్కింది, నీళ్ళు ఏమీ ఎరగనట్టు తేటగా ఉన్నాయి. పదిహేను రోజులు వెతికేరు. ఏమీ దొరకలేదు. పిల్లాజెల్లా లేరు, సముద్రం కేసి చూస్తూ అక్కడ ఉండలేక ఆమె రాజోలు వచ్చేసి బండి పెట్టుకుంది.

బండి పెట్టిన మూడో నెలలో ఓ శుక్రవారం, దాని మీద తగిలించిన వెంకటస్వామి ఫోటోని రోజూ చూసే శ్యామ్ బాబు హాల్లోంచి పరిగెత్తుకొచ్చేడు. "అక్కా, బావగారు సినిమాలో ఉన్నారు. రైల్వేస్టేషన్ సీన్లో. నెత్తి మీద మూట."

ఆమె స్టవ్వు ఆపడం కూడా మర్చిపోయి వెళ్ళింది. నిజమే. హీరోయిను రైలెక్కి ఏడుస్తోంది; ఆమె వెనకాల ప్లాట్‌ఫారం మీద వెంకటస్వామి కుడివైపు కాస్త ఒరిగి, పడవ మీద నడిచే నడకతో నడిచి వెళ్ళిపోయేడు. ఇటు చూడలేదు.

ఆనాటి నుంచి ఏ సినిమా వచ్చినా అందులో ఉంటున్నాడు. కోర్టు సీన్లో వెనక బెంచీ మీద, తీర్థంలో రాట్నం పక్కన, రౌడీలొస్తే పారిపోయే జనంలో. ఒక్క డబ్బింగ్ సినిమాల్లోనే కనబడడు. ఓసారి ఏదో చలి దేశంలో తీసిన పాటలో, మంచు కురుస్తుంటే పల్చటి చొక్కాతో బస్సు కోసం నిలబడ్డాడు. వీరదుర్గకి వారం రోజులు అన్నం సయించలేదు. ఇంకోసారి ఫైటింగులో తోపుడుబండి ఎగిరొచ్చి కాలి మీద పడింది. ఆ తర్వాత రెండు సినిమాల్లోనూ కుంటుతూనే ఉన్నాడు. మూడో సినిమాలో కాలు సరిగ్గా వేస్తున్నాడని శ్యామ్ బాబు వచ్చి చెప్పినప్పుడు ఆమె అందరికీ టీ ఊరికే పోసింది.

పేరంటాలకి పిలిచేవాళ్ళు కూడా ముందు శ్యామ్ బాబునే అడిగేవారు, ఈ వారం సినిమాలో వెంకటస్వామి ఉన్నాడా అని. ఉన్నాడంటే వీరదుర్గ ఇంటికి వచ్చి బొట్టు పెట్టి పిలిచేవారు.

అందుచేత రాజోల్లో డైరెక్టర్ల గురించి జరిగే వాదన వేరే ఊళ్ళలో జరిగే వాదనలాంటిది కాదు. దానం మాస్టారిది కోదండం పార్టీ. కోదండం మూడేళ్ళకో సినిమా తీస్తాడు. కెమెరాని ఓ చోట పెట్టేడంటే, మనిషి వచ్చి కూర్చుని కబుర్లాడి లేచి వెళ్ళేదాకా కదపడు. ఆయన సినిమాలో ఓ టీకొట్టు సీను ఉంది. తండ్రీకొడుకులు పొలం పంపకం గురించి మాట్లాడుకుంటూంటారు. వాళ్ళ భుజాల వెనకాల వెంకటస్వామి కూర్చుని నాలుగు నిమిషాల పది సెకన్లపాటు టీ తాగేడు. ఊదుకున్నాడు, తాగేడు, గ్లాసు కింద పెట్టి మూతి తుడుచుకున్నాడు. సినిమా రాజోల్లో నాలుగు రోజులే ఆడింది. పదహారు ఆటలు. పదహారూ వీరదుర్గ చూసింది.

"టీ తాగితే సినిమా ఎలాగవుద్దండీ మాస్టారూ?" అనేవాడు శ్యామ్ బాబు. "పక్క సీటాయన గురకండి బాబూ. డైలాగులు కూడా వినబడలేదు నాకు."

"నిద్రపోయినవాడితో నాకు పని లేదోయ్. మనిషిని తిన్నగా చూడ్డానికి కూడా ఓపిక లేనోడికి సినిమా ఎందుకు? మీ రణధీర్ ఉన్నాడే, కన్ను మూసి తెరిచేలోపు మూడు షాట్లు మార్చేస్తాడు. ఎవడు ఎవణ్ణి కొట్టేడో కొట్టినవాడికైనా తెలుస్తుందా?"

"తెలియక్కర్లేదండి. గుండెల్లో దడదడలాడాలి, అంతే. రణధీర్ సినిమా చూసి బయటికొస్తే ఆటో కూడా గాల్లో పోతున్నట్టుంటది."

శ్యామ్ బాబు ఆ డైరెక్టరు అభిమాన సంఘానికి రాజోలు ప్రెసిడెంటు. ఆటో వెనకాల రణధీర్ నల్లకళ్ళజోడు బొమ్మ ఉంటుంది. వీరదుర్గ ఎటూ మాట్లాడేది కాదు. ఒకే ఒక్కసారి, ఇద్దరూ బల్లగుద్ది మరీ అరుచుకుంటూంటే, "ఎవరు గొప్పయితే నాకేంటండీ. ఆయన్ని కాసేపు కూర్చోబెట్టేవోళ్ళే నాకు గొప్ప," అంది. ఆ పూటకి తగువు అక్కడితో ఆగిపోయింది.

ఈ యేడు వేసవిలో రణధీర్ కొత్త సినిమా వస్తోందన్నారు. రిలీజుకి నాలుగు రోజుల ముందు, సోమవారం, ట్రైలరు వచ్చింది. మామూలుగానైతే శ్యామ్ బాబు డప్పులు పెట్టించేవాడు. ఆ రోజు అతను ఆటో కూడా దూరంగా ఆపి, నడిచి వచ్చి, బండి పక్కన ఊరికే నిలబడ్డాడు.

"ఏంటి తమ్ముడూ?"

"ఏం లేదక్కా."

"చూపించు."

అతను ఫోను తీసేడు. తుపాను. పెద్ద పడవ, దాని మీద ఓ రెండొందల మంది జనం. ఒడ్డున విలను చుట్ట కాలుస్తూ, 'ఈ పడవ ఒడ్డు చేరదు' అంటున్నాడు. శ్యామ్ బాబు వేలితో ఆపేడు. పడవ అంచున వెంకటస్వామి. మనిషి చిక్కిపోయేడు. తల సగం నెరిసింది. ఓ చేత్తో తాడు పట్టుకున్నాడు, రెండో చేత్తో ఆకుపచ్చ గౌను వేసుకున్న ఐదారేళ్ళ పిల్లని ఎత్తుకున్నాడు.

వీరదుర్గ బొమ్మని చాలాసేపు చూసింది. మొగుడి ముఖం తర్వాత పడవని చూసింది. పడవ నడిపే సరంగు కూతురు ఆమె.

"లోడెక్కువైంది," అంది. "చుక్కాని దగ్గిర మనిషి లేడు. ఇది మునిగిపోద్ది తమ్ముడూ."

ఆ నాలుగు రోజుల్లో చెయ్యగలిగిందల్లా చేసేరు. దానం మాస్టారు సినిమా కంపెనీ ఆఫీసు నంబరు సంపాదించి ఫోను చేసేరు. అవతల మేనేజరు మర్యాదస్తుడు, విసుక్కోలేదు.

"మీ ఊరాయనేనాండీ? మా ఎడిటరు గారు కూడా చెప్పేరు. షూటింగు రోజున ఉండరండి, చూసుకునేసరికి ఉంటారు. కానీ మా జూనియర్ ఆర్టిస్టుల లిస్టులో ఆ పేరు లేదు. లేని మనిషిని ఎలా తీసెయ్యమంటారు?"

"తీసెయ్యమనట్లేదు బాబూ. ఒడ్డుకి చేర్చమంటున్నాం."

"క్లైమాక్సు అండి. పడవ మునిగితేనే కదా హీరోకి కోపం వచ్చేది. అయినా సినిమా వెళ్ళిపోయిందండి, అన్ని హాళ్ళకీ. ఇంక మా చేతుల్లో లేదు."

శ్యామ్ బాబు సంఘం ప్రెసిడెంటు హోదాలో రణధీర్‌కే మెసేజి పెట్టేడు. పడవ సంగతీ, అక్క సంగతీ అంతా రాసేడు. రాత్రంతా ఎదురు చూడగా పొద్దున్నే జవాబొచ్చింది. 'లవ్యూ తమ్ముడూ' అని, పక్కన రెండు ఎర్ర గుండెకాయలు. శ్యామ్ బాబు దాన్ని మాస్టారికి చూపించేడు. మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు.

హాలు మేనేజరు రవికుమార్ గురువారం సాయంత్రం తనే బండి దగ్గరికొచ్చేడు. "వీరదుర్గ గారూ, మన హాల్లో ఈ బొమ్మ వెయ్యనండి. ఓనరు గారికి నేను చెప్పుకుంటాను."

"మన హాల్లో ఆపితే మొగల్తూర్లో ఆగుద్దాండీ? అమలాపురంలో ఆగుద్దా?" అంది ఆమె పిండి కలుపుతూనే. "వెయ్యండి బాబూ. ఆవేళ నేను ఒడ్డున లేను. ఈసారన్నా ఉంటాను."

శుక్రవారం పదకొండు గంటలకి ఆమె బండి తియ్యలేదు. వేట నిషేధం రోజులు కావడంతో పల్లిపాలెం వాళ్ళందరూ ఖాళీగానే ఉన్నారు. మూడు ఆటోల్లో వచ్చి ముందు వరసల్లో కూర్చున్నారు. ఐదేళ్ళ కిందట పడవలో నుంచి బయటపడ్డ ముగ్గురూ కూడా వచ్చేరు. దానం మాస్టారు ఆమెకి కుడిపక్కన, శ్యామ్ బాబు ఎడమపక్కన కూర్చున్నారు. హీరో మొదటిసారి తెర మీదికి వచ్చినప్పుడు రాజోలు హాల్లో ఈల వినబడకపోవడం అదే మొదలు.

రెండు గంటలు గడిచేక తుపాను మొదలయింది. పడవ కదిలింది. ఆమె కొంగు నోట్లో కుక్కుకుంది.

రణధీర్ సినిమా కదా, ఏదీ నిలవదు. పడవ. హీరో కళ్ళు. కెరటం. విలను నవ్వు. తాడు పట్టుకున్న చెయ్యి. అది ఎవరి చెయ్యో తెలిసేలోపు గుర్రం మీద హీరో. పడవ ఓ పక్కకి ఒరగగానే ముందు వరసల్లో పల్లిపాలెం వాళ్ళు లేచి నిలబడిపోయేరు.

"తాడొదిలెయ్యి స్వామీ! తాడొదిలి దూకెయ్యి!"

"పడవకి దూరంగా పో! లోపలికి లాగేస్తది!"

"ఎడం చేతి పక్కకి ఈదరా, ఎడం చేతి పక్కకి!"

వెంకటస్వామికి వినబడిందో లేదో ఎవరికి తెలుసు. పడవ తిరగబడింది. నీళ్ళలో తలలు. వాటిల్లో నెరిసిన తల ఒకటి. అంతలోకి హీరో. నీళ్ళ పైన ఆకుపచ్చ గౌను, దాన్ని ఎత్తి పట్టుకున్న రెండు చేతులు. అంతలోకి హీరో కంట్లో ఎర్రజీర. ఆ ఎర్రజీర మీద కెమెరా ఆగింది. ఐదేళ్ళలో ఎన్నడూ ఆగని రణధీర్ కెమెరా అక్కడ ఆగి, హీరో ముఖమంతా నెమ్మదిగా, తీరుబడిగా చూపించుకుంటూ పోయింది.

"అటు తిప్పవయ్యా!" అని ఎవరో అరిచేరు. శ్యామ్ బాబు. సీటు మీదకెక్కి నిలబడి, రెండు చేతులూ తెర కేసి చాపి, గొంతు చీరుకుపోయేలా అరుస్తున్నాడు. "నీకు దణ్ణం పెడతాను, ఒక్కసారి అటు తిప్పవయ్యా కెమెరా!"

తిప్పలేదు. హీరో విలను కోటకెళ్ళి నలభై మందిని కొట్టేడు. పాటొచ్చింది. పేర్లు పడ్డాయి. లైట్లు వెలిగేసరికి వీరదుర్గ తెల్లటి తెర కేసే చూస్తూ కూర్చునుంది. ఆయన తేలేడా, మునిగేడా, చూపించలేదు. రవికుమార్ వచ్చి ఎదర నిలబడ్డాడు గాని లెమ్మనలేకపోయేడు.

బయటికొచ్చి ముగ్గురూ బండి పక్కన బల్ల మీద కూర్చున్నారు. మాస్టారు సినిమా బాగోలేదనలేదు. శ్యామ్ బాబు బాగుందనలేదు.

రెండున్నరకి పల్లిపాలెం నుంచి ఫోనొచ్చింది. మొగ పక్కన ఇసకలో ఓ ఆడపిల్ల ఉందనీ, వీరదుర్గ కావాలంటోందనీ.

శ్యామ్ బాబు ఆటో సఖినేటిపల్లి దాటి పల్లిపాలెం చేరేదాకా ఒక్కచోట ఆగలేదు. వాళ్ళు వెళ్ళేసరికి ఇసక మీద ఆడవాళ్ళందరూ గుమిగూడి ఉన్నారు. పిల్లకి ఎవరిదో పాత చీర చుట్టేరు. చీర కింద ఆకుపచ్చ గౌను ఇంకా నీళ్ళోడుతోంది. చేతిలో బిస్కెట్టు ఉంది గాని తినట్లేదు.

"వీరదుర్గంటే నువ్వేనా?" అంది పిల్ల.

"నేనేనమ్మా."

"ఆ మావయ్య చెప్పేడు. ఒడ్డున నువ్వు ఉంటావని."

వీరదుర్గ పిల్ల భుజాలు పట్టుకుంది. "మావయ్యేడమ్మా?"

"నన్ను వీపు మీద ఎక్కించుకుని ఈదేడు. కాళ్ళకి నేల తగిలేక దింపేసేడు. ఇంక నడిచెళ్ళిపో అన్నాడు."

"తనేడీ? తను రాలేదా?"

"మళ్ళీ వెళ్ళేడు," అంది పిల్ల నీళ్ళ కేసి చెయ్యి చూపించి. "ఇంకా ఇద్దరున్నారంట."

నిషేధమని కూడా చూడకుండా ఐదు నాటుపడవలు మొగ దాటేయి. వీరదుర్గ పిల్లని చంకనేసుకుని, చీర కుచ్చెళ్ళు తడిసేదాకా నీళ్ళలోకి వెళ్ళి నిలబడింది. ఎన్నోసార్లు పిలిచింది. ఐదేళ్ళుగా రెండేసి సెకన్లు చూసిన మనిషి, ఒక్క గంట కిందట, మెడలోతు నీళ్ళలో, ఇక్కడే, ఈ ఇసక మీద కాలు ఆన్చి ఉన్నాడు. ఇంకో నాలుగు అడుగులు వేస్తే ఇంటికొచ్చేసినట్టే. వెయ్యలేదు. ఆమెకి కోపమొచ్చింది, ఏడుపొచ్చింది. వెళ్ళకుండా ఉండే మనిషి కాదని తెలుసు కాబట్టి రెండూ ఎటూ పోలేక గుండెల్లోనే ఉండిపోయేయి. పొద్దు వాలేక పడవలు ఖాళీగా వచ్చేయి.

పోలీసులు కాగితం రాసుకున్నారు. సినిమా కంపెనీకి ఫోను చేస్తే, షూటింగుకొచ్చిన పిల్లలందరూ బస్సెక్కి ఇళ్ళకి చేరేరు, లెక్క సరిపోయింది, ఈ పిల్ల మా లిస్టులో లేదన్నారు. పిల్లని అడిగితే పడవకి ముందు ఏమీ లేదంది. పేరు అడిగితే, ఎవరూ పెట్టలేదంది. జనంలో పిల్ల కదా, పేరు పెట్టి పిలిచే డైలాగు ఎవరికీ రాసుండరు. తాలూకు వాళ్ళొచ్చేదాకా మీ దగ్గరే ఉంచుకోమ్మా అని పెద్ద ఎస్సై గారు చెప్పేరు. వీరదుర్గ పిల్లకి తన అత్తగారి పేరు మాణిక్యం అని పెట్టింది.

తర్వాతి శుక్రవారం కొత్త సినిమా వచ్చింది. మాస్టారూ శ్యామ్ బాబూ పేర్లు పడేదాకా కూర్చుని, జనం ఉన్న ప్రతి సీనూ గాలించి బయటికొచ్చేరు.

"లేరమ్మా," అన్నారు మాస్టారు.

ఆ పై శుక్రవారమూ లేడు. ఆ తర్వాతా లేడు. శ్యామ్ బాబు ఆటో వెనక బొమ్మ గీకించేసేడు. అమలాపురంలో కోదండం పాత సినిమా ఓ ఆట వేస్తున్నారని తెలిసి, ఎవరికీ చెప్పకుండా వెళ్ళి చూసొచ్చేడు. వచ్చి మాస్టారి పక్కన కూర్చుని, "ఆ టీ గ్లాసు కింద పెట్టే సీను... నేనప్పుడు చూళ్ళేదండీ మాస్టారూ. సెల్లు చూసుకుంటున్నాను," అన్నాడు. దానం మాస్టారు పదేళ్ళుగా గెలవాలనుకున్న వాదన అది. గెలిచినట్టు ఆయనకేమీ అనిపించలేదు. శ్యామ్ బాబు భుజం మీద చెయ్యేసేరు.

పేరంటాలకి పిలిచేవాళ్ళు వీధి మలుపులో ఆగి, ఒకళ్ళ ముఖాలొకళ్ళు చూసుకుని, వెనక్కి వెళ్ళిపోయేవారు.

జూన్లో బళ్ళు తెరిచేరు. దానం మాస్టారు తను పనిచేసిన బడికే ఇద్దరినీ తీసుకెళ్ళి, వరండాలో బెంచీ మీద కూర్చోబెట్టి, దరఖాస్తు ఆయనే రాయడం మొదలెట్టేరు. మాణిక్యం కొత్త చెప్పుల పట్టీ విప్పుతూ పెడుతూ కూర్చుంది.

"పిల్ల పేరు... మాణిక్యం. ఊరు రాజోలు. తల్లి పేరు?"

"వీరదుర్గండి."

"తండ్రి పేరు?"

"వెంకటస్వామండి," అంది ఆమె, ఆలోచించకుండానే.

మాస్టారు రాసేరు. కింద గడి దగ్గర ఆయన పెన్ను ఆగింది. ఆ గడిని ఆమెకి వేలితో చూపించేరు.

"తండ్రి ఉన్నారా, లేరా అని అడుగుతున్నారమ్మా. ఏదో ఒకదానికి టిక్కు పెట్టాలి."

వీరదుర్గ కాగితం కేసి చూసింది. ఆమెకి చదువు రాదు. ఆ రెండు గళ్ళూ ఒకేలా ఉన్నాయి. పిల్ల కేసి తిరిగింది. మాణిక్యం చెప్పు వదిలేసి ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

"ఆ గళ్ళు వదిలెయ్యండి మాస్టారూ," అంది వీరదుర్గ. "నాకు తెలీదండి."

గడి ఖాళీగా ఉన్న దరఖాస్తుల్ని ముప్ఫై ఆరేళ్ళ సర్వీసులో ఒక్కటి కూడా తీసుకోకుండా తిప్పి పంపేసిన దానం మాస్టారు, పెన్నుకి మూత పెట్టి, ఆ కాగితాన్ని నలగకుండా రెండు చేతులతో పట్టుకుని హెడ్మాస్టరు గదిలోకి వెళ్ళేరు.